సూరిబాబు మెయిలూ, ఊరి పిల్లల చదువులూ

భిలాయిలో ఒక స్కూల్లో కంప్యూటర్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్ళు పన్నెండో తరగతి వాళ్ళకు వారానికో పీరియడ్ విడిగా చెప్పేవాణ్ణి. టైంటేబుల్లో దాని పేరు 'కాలేజీ తయారీ'. ఫైళ్ళు ఎలా దాచుకోవాలి, మెయిలు ఎలా రాయాలి, ఫారంలో ఫొటో ఎలా పెట్టాలి, గడువు తేదీలు ఎలా గుర్తుంచుకోవాలి, ఇవే పాఠాలు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్ర మాస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. స్కేళ్ళ గురించీ ఇంక్రిమెంట్ల గురించీ ఏమీ రాయను. వాటి గురించి మాట్లాడుకోవడం మా ఇంటి పద్ధతి కాదు.

మా ఇల్లు అన్నాను కనుక ఆ సంగతి కూడా చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు ఒక చిన్న దివాణం. ఎంత చిన్నదంటే, పక్క దివాణం వాళ్ళు మమ్మల్ని రైతులనుకునేవారు. అది కూడా పోయాక మా నాన్నగారు భిలాయి వచ్చి స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపారు. వేరే ఉద్యోగాలు కూడా వచ్చాయి కానీ ఆయన క్రేనే కోరుకున్నారు. అందులో కూర్చుంటే ఫోర్‌మన్ దగ్గర్నుంచి అందరూ కిందే ఉంటారు.

పని అసలు ఏమిటంటే

పిల్లలకు ఫోను వాడటం మీరు నేర్పక్కర్లేదు. వాళ్ళు దాంతో ఏదైనా చేయగలరు, దాచిన వస్తువు తిరిగి తీయడం తప్ప. "మార్కుల మెమో చూపించు నాయనా" అంటే వేలితో తెరను పైకి తోస్తూనే ఉంటాడు. బిర్యానీ ఫొటోలు వస్తాయి, క్రికెట్ స్కోర్లు వస్తాయి, ఎవరిదో కుక్కపిల్ల వస్తుంది. మెమో రాదు. చివరికి, "మమ్మీకి వాట్సాప్ చేశాను సార్, మమ్మీ ఫోన్లో ఉంటుంది" అంటాడు. మమ్మీ ఫోను నిండిపోయిందని తమ్ముడు దాన్ని ఎప్పుడో తీసేసి ఉంటాడు.

ఒక కుర్రాడి దగ్గర ఒకే అప్లికేషనుకు చాలా ఫైళ్ళు కనపడ్డాయి. 'న్యూ', 'న్యూ న్యూ', 'ఫైనల్', 'పక్కా ఫైనల్', 'అస్లీ ఫైనల్', ఆఖరికి నాన్నది అని 'పాపా వాలా'. వీటిలో పంపాల్సింది ఏదని అడిగాను. చాలాసేపు ఆలోచించి 'న్యూ' అన్నాడు. తెరిచి చూస్తే ఖాళీగా ఉంది.

ఇంకొకడు కెమిస్ట్రీ నోట్సంతా ఒక ఫోల్డర్లో పెట్టి దానికి 'మమ్మీ మత్ ఖోల్‌నా' అని పేరు పెట్టాడు. అమ్మా, తెరవొద్దు అని అర్థం. చెల్లెలు చెరిపేస్తోందని భయపడి, అమ్మ పేరు చూస్తే దాని జోలికి రాదని వాడి ఆలోచన. ఆ ఇంట్లో అందరికంటే ముందు దాన్ని తెరిచింది అమ్మే. లోపల బెంజీన్ తప్ప ఏమీ లేకపోయేసరికి ఆవిడ అనుమానం రెట్టింపై స్కూలుకు వచ్చింది.

"ఇదంతా కోడ్ భాష కదండీ సార్. నిజం చెప్పండి, ఎవర్తె ఆ పిల్ల?" అని నన్ను అడిగింది.

"బెంజీన్ అమ్మా" అన్నాను.

"క్రిస్టియన్ల పిల్లా?" అంది.

ఆ రోజు నుంచి నా మొదటి పాఠం ఇదే అయింది. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు లోపల ఏముందో అదే పెట్టండి. మీరు లేనప్పుడు మీ తల్లి చదివినా అర్థం కావాలి. ఎందుకంటే చదువుతుంది.

దేవుడి ముఖం కనపడాలి

మీకు ఎలాంటి పై అధికారి దొరికినా నిరాశపడొద్దు. మా ప్రిన్సిపల్ మేడమ్ మొదట్లో ఈ పీరియడ్‌ను ఒప్పుకోలేదు. "కాగితాలు సర్దుకోవడం ఒక సబ్జెక్టా?" అన్నారు. పైగా కంప్యూటర్ ల్యాబులో స్పోర్ట్స్ డే డ్రమ్ములు పెట్టించారు. నేను తరగతిలోకి స్టీలు టిఫిన్ క్యారియర్ తీసుకెళ్ళి, పై గిన్నె, మధ్య గిన్నె, కింది గిన్నె చూపించి ఫోల్డర్లు చెప్పాను. పిల్లలకు బాగానే అర్థమైంది. అయితే మధ్య గిన్నెలోని బెండకాయ వేపుడు పాఠం ముగిసేలోపే మాయమైంది. మా వంశంలో ఒకరి ముందున్న పళ్ళెంలోంచి ఇంకొకరు తీసి తినడం అంతకు ముందు జరగలేదు.

ఒకరోజు మేడమ్ కబురు పెట్టారు. ఆవిడ కంప్యూటర్ తెర మీద హనుమంతుడి బొమ్మ ఉండేది. దాని మీద ఐకాన్లు పేరుకుపోయి స్వామివారి తోక చివర తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ రోజు మంగళవారం.

"సర్, కుఛ్ కీజియే. భగవాన్‌కా చెహ్రా దిఖ్‌నా చాహియే" అన్నారు. దేవుడి ముఖం కనపడాలి, ఏదో ఒకటి చేయండి అని.

నేను కూర్చుని ఒక్కొక్కటీ ఏమిటో ఆవిణ్ణే అడిగి, ఏ ఏడాదివి ఆ ఏడాది ఫోల్డర్లో పెట్టాను. ముందు గద బయటపడింది, తర్వాత మోకాలు, తర్వాత ఛాతీ. ముఖం కనపడగానే మేడమ్ లేచి నమస్కారం చేశారు. ఆ వారమే ల్యాబులోంచి డ్రమ్ములు పోయాయి. నేను రాసిన సుదీర్ఘమైన వినతులేవీ చేయని పని అది. పై అధికారికి ప్రయోజనాలు వివరించకండి. ఆయనకో ఆవిడకో కావలసినదొకటి ఏదో ఆ చెత్త కింద ఉండే ఉంటుంది. అది బయటికి తీయండి.

సూరిబాబు కొట్టు

ఇక అసలు కథ. భిలాయిలోనే కోహ్కా అనే పేటలో సూరిబాబు అని మనవైపు మనిషి ఒకాయన జిరాక్స్ కొట్టు నడుపుతాడు. ఫారాలు నింపుతాడు, ఫొటోలు తీస్తాడు, రైలు టికెట్లు తీస్తాడు. భిలాయిలో తెలుగు ఇళ్ళల్లో ఎవరికి ఏ ఆన్‌లైన్ పని పడ్డా అక్కడికే వెళ్తారు. ఫారంలో మెయిలు ఐడీ అడిగితే సూరిబాబు తన కొట్టు ఐడీయే వేస్తాడు. అందరికీ ఆ ఒక్కటే. స్కాలర్‌షిప్పులు, అడ్మిషన్లు, హాల్ టికెట్లు, అన్నీ ఆయన మెయిల్లోనే వచ్చి పడతాయి. ఏ పిల్లకు ఎక్కడ సీటొచ్చిందో తల్లిదండ్రుల కంటే ముందు సూరిబాబుకు తెలుస్తుంది. తెలిసిన వెంటనే కొట్టుకు వచ్చిన వాళ్ళందరికీ తెలుస్తుంది.

నేను తరగతిలో ప్రతి ఏడాదీ మొత్తుకునేవాణ్ణి. ఎవరి మెయిలు వాళ్ళకు ఉండాలి అని. పిల్లలు రాసుకునేవారు, తలూపేవారు, సాయంత్రం సూరిబాబు దగ్గరికి వెళ్ళేవారు. పేరెంట్స్ మీటింగులో కూడా చెప్పాను.

"మనోడే కదండీ మాస్టారూ. సూసుకుంటాడు" అన్నారు.

"రేపు ఆయన ఊళ్ళో లేకపోతే?"

"ఏటి మాస్టారూ, ఆడెక్కడికెల్తాడు. కొట్టుంది కదా."

ఇది తెలివితక్కువతనం అని మీరు కొట్టిపారేయకండి. నేను చాలాకాలం అలాగే అనుకున్నాను. ఊరు కాని ఊరు వచ్చిన వాళ్ళకు పాస్‌వర్డు కంటే మనిషి మీదే నమ్మకం ఎక్కువ. దాన్ని ఒక పీరియడ్‌లో పోగొట్టలేరు.

సూరిబాబు తాతగారు మా దివాణంలో లాంతర్లు చూసేవారట. అందుకని ఆయన నన్ను "బాబుగారూ" అంటాడు. మా ఇంటి మగవాళ్ళం ఎవరి కొట్టు ముందూ నిలబడం. పూర్వం మనిషిని పంపేవాళ్ళం. ఇప్పుడు మనిషి లేడు కనుక నేనే వెళ్తాను, కానీ నిలబడను. ఆ సంగతి తెలిసి సూరిబాబు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నా కోసం బయట వేయించేవాడు. దాని ఒక కాలు కొంచెం వంకర. నేను నిటారుగా కూర్చుంటాను కనుక పడేవాణ్ణి కాదు.

మెయిలు నిండిన రోజు

నా సర్వీసు చివరి ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఉష ఫోను చేసింది. ఉష నా తరగతిలో చదివిన పిల్ల. వాళ్ళ నాన్న అప్పలరాజు హథ్‌ఖోజ్‌లో, ఫ్యాక్టరీల మధ్య, చిన్న షెడ్డులో బోల్టులు చేయిస్తాడు. ఉషకు రాయపూర్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో మెటలర్జీ సీటు వచ్చింది. ఆ పిల్ల కోరుకున్నది అదే. సాయంత్రం ఐదులోపు పోర్టల్లోకి వెళ్ళి సీటు ఒప్పుకుంటున్నానని నొక్కాలి. నొక్కితే మెయిలుకు ఓటీపీ వస్తుంది, అది కొట్టాలి. లేకపోతే సీటు వెనక ఉన్నవాళ్ళకు పోతుంది.

"ఓటీపీ రావట్లేదు సార్. మావయ్య మెయిలు ఫుల్ అయిపోయిందంట."

మావయ్య అంటే సూరిబాబే. చుట్టరికం ఏమీ లేదు. ఒక ఐడీలో ఇంతమంది ఉన్నప్పుడు వరసలు వాటంతటవే కలుస్తాయి.

నేను ఆటో చేసుకుని వెళ్ళేసరికి కొట్టులో ఉషా, అప్పలరాజూ, సూరిబాబూ తెర ముందు గుమిగూడి ఉన్నారు. అప్పలరాజు షెడ్డులోంచి అలాగే వచ్చేశాడు, చేతులకు గ్రీజు. దేన్నీ ముట్టుకోకూడదని రెండు చేతులూ పైకి పెట్టుకుని నిలబడ్డాడు. బయటినుంచి చూస్తే ఎవరో తుపాకీ గురిపెట్టినట్టుంది.

తెర కనపడేలా నా కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. మెయిలు నిజంగానే నిండిపోయింది. కొత్తది ఒక్కటి కూడా లోపలికి రాదు. ఫారంలో ఐడీ మారుద్దామంటే పోర్టల్ ఆ దశలో మార్చనివ్వదు. చేయగలిగిందల్లా పాతవి తీసేసి చోటు చేయడమే.

"తీసెయ్ సూరిబాబూ" అన్నాను.

"ఏవి తియ్యమంటారు బాబుగారూ. ఇందులో నాదంటూ ఏదీ లేదు. ఏది ముట్టుకున్నా ఎవరిదో."

అదీ చిక్కు. పెద్ద వీడియో ఒకటి కనపడింది. స్మృతి నగర్ కాంతమ్మగారి కూతురి పెళ్ళిది. ఆవిడ అప్పుడే పాన్ కార్డు జిరాక్సుకు వచ్చి అక్కడే ఉంది.

"అది తీసేస్తే ఊరుకోను. అందులో మా ఆడపడుచు ఏడ్చిన ముక్క ఉంది. అది మళ్ళీ దొరకదు" అంది.

"పిల్ల సదువమ్మా" అన్నాడు అప్పలరాజు, చేతులు పైకెత్తే.

"మీ పిల్ల చదువు మీకెంతో మా ఆడపడుచు ఏడుపు నాకంత."

ఇంకొంచెం కిందికి వెళ్తే ఎవరిదో కడుపులో బిడ్డ స్కానింగు. ఆ బిడ్డ ఇప్పుడు మా స్కూల్లోనే రెండో తరగతి. ఎవరివో జాతకాలు. ఉగాదికి తెలుగు అసోసియేషన్ వాళ్ళు వేద్దామనుకున్న నాటకం రిహార్సల్స్. నాటకం వేయనే లేదు. అయినా వేషం కట్టాల్సినవాడికి ఫోను చేస్తే, "ఉంచండి సార్, ఎప్పుడైనా ఎయ్యొచ్చు" అన్నాడు. గోడ గడియారం నాలుగు దాటింది. ఉష గోళ్ళు కొరుకుతోంది.

నేను పిల్లలకు చెప్పే పద్ధతే చెప్పాను. "పెద్దవి పైకి వచ్చేలా వరస పెట్టు. అన్నిటికంటే చోటు తింటున్నది ఎవరో తేలుతుంది."

ఉష వరస పెట్టింది. మొదటి మెయిలు, రెండోది, మూడోది, పేజీ పొడుగునా ఒకే మనిషి పంపినవి. సూరిబాబు తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూశాడు.

"పెదబాబుగారివండీ" అన్నాడు నెమ్మదిగా.

పెదబాబుగారంటే మా అన్నయ్య. ప్లాంటులో రిటైరై నాతోనే క్వార్టర్లో ఉంటారు. నాన్నగారి సంవత్సరీకానికి వంశంలో వాళ్ళందరి పటాలతో ఒక ఫ్లెక్సీ కట్టిద్దామని, ఇంట్లో పటాలన్నీ స్కాన్ చేయించి ప్రింటుకు ఈ ఐడీకి పంపారట. నాకు చెప్పలేదు. తక్కువ సైజులో పంపితే పూర్వీకులకు అగౌరవమని ఉన్నంతలో పెద్దది పెట్టి పంపారు. అందిందో లేదో అని ఒక్కో తరాన్నీ నాలుగైదుసార్లు పంపారు. ఫ్లెక్సీ మాత్రం తలపాగా రంగు దగ్గర మాట తేలక ఆగిపోయింది.

"ఇందాకట్నించి తెలుసుంటే సెప్పవేటి?" అన్నాడు అప్పలరాజు.

"ఎలా సెప్తానన్నా, బాబుగారి ముందు?" అన్నాడు సూరిబాబు.

కాంతమ్మగారు పాన్ కార్డు సంచిలో పెట్టుకుని, వెళ్ళకుండా ఇంకాస్త దగ్గరగా వచ్చి నిలబడింది.

నేను అన్నయ్యకు ఫోను చేశాను. ఇంటికి పెద్ద ఆయన. అడగకుండా తీయించే అధికారం నాకు లేదు. ఆయనకు చెవుడు కనుక స్పీకరు పెట్టాల్సి వచ్చింది.

"ముత్తాతగారిని తీసేస్తావా?" అన్నారు.

"పటం మన గోడ మీదే ఉంది కదా అన్నయ్యా. ఇక్కడున్నవి నకళ్ళు."

"నకలైనా ముత్తాతే కదరా. ఎవరికోసం?"

"అప్పలరాజు కూతురికి సీటు. లోహాల చదువు. ఐదుకి గడువు."

గడువు ఎన్నింటికని మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. తర్వాత, "ముత్తాతగారు ఎప్పుడైనా ఎవరికైనా చోటిచ్చారా?" అన్నారు.

"నాకు తెలిసి లేదు."

"ఇప్పుడిస్తారు. అందరినీ తీసెయ్. ఏనుగుని ఉంచు."

"ఏ ఏనుగు?"

"మన ఏనుగు రా. మనుషులకి గోడ మీద పటాలున్నాయి. దానికి ఆ ఒక్క ఫొటోయే. నా దగ్గరున్న అచ్చుని చెదలు తినేశాయి."

ఏనుగును పక్కకు పెట్టి, ఉష ఒక్కొక్క తరాన్నీ ఎంచుకుంది. నొక్కే ముందు నా వైపు చూసింది. నేను తలూపాను. ముత్తాతలు, వాళ్ళ తమ్ముళ్ళు, తలపాగాలు, కత్తులు, ఒక్కసారిగా పోయారు.

ఓటీపీ రాలేదు. మెయిలు ఇంకా నిండే ఉంది.

"చెత్తబుట్టలోకి వెళ్ళారు సార్" అంది ఉష. "అక్కడున్నంతసేపూ చోటు ఖాళీ అవదు. మీరే చెప్పారు క్లాసులో."

చెప్పిన మాట నిజమే. బుట్ట కూడా ఖాళీ చేస్తేనే పని పూర్తయినట్టని ప్రతి బ్యాచికీ చెప్పాను. ఆ బుట్టలో మా తాతగారు ఉంటారని అనుకోలేదు. లేచి నిలబడ్డాను. కొట్టు ముందు నేను నిలబడటం సూరిబాబు అంతకు ముందు చూడలేదు కనుక ఆయన కూడా లేచాడు. "కానీ అమ్మా" అన్నాను. బుట్ట ఖాళీ చేసింది.

పోర్టల్లో మళ్ళీ నొక్కింది. అందరం తెర వైపే చూస్తున్నాం. కాంతమ్మగారు ఏదో స్తోత్రం మొదలుపెట్టింది. మొదట వచ్చింది బీమా కంపెనీ ప్రకటన. తర్వాత ఎవరిదో కరెంటు బిల్లు. ఇన్నాళ్ళూ బయట ఆగినవన్నీ తోసుకుని వస్తున్నాయా అనిపించింది. వాటి వెనక ఓటీపీ వచ్చింది. ఉష అంకెలు కొట్టింది. 'సీటు అంగీకరించబడింది' అని హిందీలో ఆకుపచ్చ అక్షరాలు కనపడ్డాయి.

అప్పలరాజు సంతోషం పట్టలేక రెండు చేతులూ దించి సూరిబాబును వాటేసుకున్నాడు. తెల్ల చొక్కా వీపు మీద గ్రీజు చేతులు రెండూ అచ్చుపడ్డాయి.

ఆ తర్వాత

నేను అక్కడే ఉష చేత సొంత ఐడీ తెరిపించాను. సీటు కాగితం దించుకుని, పేరు పెట్టి, ఫోల్డర్లో వేసి, ఇంకొక నకలు వేరేచోట దాచింది. ఇన్నేళ్ళ పీరియడ్లలో చేయించలేకపోయిన పనిని ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే చేసింది. భయపడిన పిల్లకు పాఠం ఎక్కుతుంది. అలాగని మీరు క్లాసులో భయపెట్టకండి. దానికి వేరే మాస్టర్లు ఉన్నారు.

సూరిబాబు అంతా చూశాడు. నాకు తెలుసు, ఆయనకు కొంచెం చిన్నతనంగా ఉంది. ఇక పిల్లలు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతారు.

"బాబుగారూ, నాకూ ఒకటి తెరిచిపెట్టండి" అన్నాడు. "ఆ పాతది కొట్టుది. ఊరందరిదీ. నాకంటూ ఎవరూ ఏదీ రాసింది లేదు."

పేరు ఏం పెట్టాలని ఉష అడిగితే, కొట్టు పేరు వద్దన్నాడు. తన పేరే పెట్టమన్నాడు. పాస్‌వర్డు మాకు వినపడకుండా తనే కొట్టాడు. నేర్చుకున్నవాడిలాగా చేయి అడ్డం కూడా పెట్టాడు. తర్వాత ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాడు.

"ఇందులో ఏటీ లేదే" అన్నాడు.

ఉష తన ఫోను తీసి ఏదో రాసింది. టింగుమంది. సూరిబాబు కళ్ళద్దాలు పెట్టుకుని, ఊళ్ళో అందరి మెయిళ్ళూ చదివి వినిపించే అలవాటు కొద్దీ, పైకే చదివాడు.

"'మావయ్యా, నాకు రాయపూర్‌లో సీటొచ్చింది. ఇట్లు, ఉష.'"

చదివి తల ఎత్తి చూశాడు. ఉష చేతికందేంత దూరంలో నిలబడి ఉంది.

"ఇప్పుడు నేను జవాబు రాయాలేటే?"

"రాయాలి మావయ్యా."

"పక్కనే ఉన్నావు కదే."

"అయినా సరే."

అప్పుడే జిరాక్సుకు వచ్చిన ఇద్దరిని ఆగమన్నాడు. ఒక కాగితం తీసి తన వేలికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. వాన మొదలైంది కనుక నేను నా కుర్చీ లోపలికి తెచ్చుకుని, ఆయన ముగించేదాకా కూర్చున్నాను.